యూదుల పిల్లల పుస్తకాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి తర్వాతకి ఉంచాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. ఎడిసన్‌లో ఉంటారు. పాపకి ఏడేళ్లు, బాబుకి పదకొండు. పాపకి క్లాసులో బాగా దగ్గరైన స్నేహితురాలు యూదుల అమ్మాయి. వచ్చే నెల వాళ్లింట్లో పస్కా పండుగ భోజనానికి మీ నలుగుర్నీ పిలిచారు. వెళ్లేలోపు పిల్లలకి కొన్ని పుస్తకాలు చదివి వినిపించాలని మీకు ఉంది. కానీ మీకు తెలిసింది నాజీలకి దొరక్కుండా దాక్కున్న యూదు పిల్ల రాసుకున్న ఆన్ ఫ్రాంక్ డైరీ ఒక్కటే. దాన్ని ఏడేళ్ల పిల్లకి ఎలా చదివి వినిపించాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. ఏ వయసుకి ఏ పుస్తకం, బహుమతిగా ఏది తీసుకెళ్లాలి అని అడిగారు.

నేను తెనాలిలో పెరిగాను. పందొమ్మిదేళ్లుగా న్యూజెర్సీలోనే ఒక పబ్లిక్ లైబ్రరీలో, పిల్లల విభాగంలో పనిచేస్తున్నాను. మీ ప్రశ్న నా మనసుకి దగ్గరది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. హిట్లర్ దగ్గర మొదలుపెట్టకండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఆ తప్పు చేశాను. తొమ్మిదేళ్ల తెలుగు బాబు ఒకడు స్కూల్ ప్రాజెక్టు కోసం యూదుల మీద పుస్తకాలు అడిగాడు. నేను తీసిచ్చిన నాలుగూ యుద్ధకాలం కథలే. రెండు వారాల తర్వాత వాటిని తిరిగిస్తూ, "ఆంటీ, యూదులు ఇప్పుడు ఎవరైనా మిగిలారా?" అని అడిగాడు. వాడి పక్కనే నిలబడి ఉన్న వాడి క్లాస్‌మేట్ యూదుల పిల్లాడే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక జాతి గురించి పిల్లాడికి నాలుగు పుస్తకాలిచ్చి, వాళ్లు ఎలా చనిపోయారో తప్ప ఎలా బతుకుతారో ఒక్క పేజీలో కూడా చూపించలేకపోయాను. భారతదేశం గురించి తెలుసుకుంటానన్న పిల్లకి ఎవరైనా మొట్టమొదట బెంగాల్ కరువు ఫోటోలు చేతిలో పెడితే మనకెలా ఉంటుంది? ఆ కరువు నిజమే, తెలుసుకోవాల్సిందే. కానీ మన వంటిల్లు, మన పండుగ, మన అమ్మమ్మ, మన నవ్వు చూశాక తెలుసుకోవాలి.

అందుకే నేనిప్పుడు ఎవరికైనా నవ్వించే పుస్తకాలు, తినే పుస్తకాలు ముందిస్తాను. మిగతావి తర్వాత.

మీరు వెళ్లబోయే భోజనం దగ్గర్నుంచే మొదలుపెడదాం. ఎందుకంటే ఆ రాత్రంతా పిల్లలకి కథ చెప్పడం కోసమే ఉంది. మన తెలుగు బైబిల్లో పస్కా అని, పులియని రొట్టెల పండుగ అని ఉండేది ఇదే. ఈజిప్టులో బానిసలుగా ఉన్నవాళ్లు బయటపడిన కథ. ఆ రోజున నీ కొడుక్కి ఈ సంగతి చెప్పాలి అని నిర్గమకాండంలో ఉంది. ఆ మాట పట్టుకునే భోజనం బల్ల చుట్టూ కూర్చుని చదివే పుస్తకం తయారైంది. దాని పేరు హగ్గాదా. ఆ మాటకి అర్థమే 'చెప్పడం'. ఆ భోజనాన్ని సెదెర్ అంటారు, అంటే వరుస, క్రమం. మొదటి ప్రశ్న అడగాల్సింది ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ. "ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు వేరు?" అని పాడాలి. పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. మీ పాప స్నేహితురాలే ఆ ఇంట్లో చిన్నదైతే ఇప్పటికే ప్రాక్టీసు చేస్తూ ఉంటుంది.

హగ్గాదాలో నాకు ఎంతో ఇష్టమైన చోటు నలుగురు కొడుకుల ప్రస్తావన. ఒకడు తెలివైనవాడు, ఒకడు పెడసరపువాడు, ఒకడు అమాయకుడు, ఒకడికి అసలు ప్రశ్న అడగడమే రాదు. నలుగురికీ నాలుగు రకాలుగా కథ చెప్పమంటుంది. అడగడం రానివాడికైతే నువ్వే మొదలుపెట్టి చెప్పు అంటుంది. పిల్లల విభాగంలో పనిచేసేవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం నేనెక్కడా చూడలేదు.

ఇక భోజనమయ్యాక చివర్లో పాడే పాట ఒకటుంది. పేరు 'ఖద్ గద్యా', ఒక మేకపిల్ల అని అర్థం. నాన్న రెండు నాణేలకి మేకపిల్లని కొన్నాడు. దాన్ని పిల్లి తింది. పిల్లిని కుక్క కరిచింది. కుక్కని కర్ర కొట్టింది. కర్రని నిప్పు కాల్చింది. నిప్పుని నీళ్లు ఆర్పాయి. నీళ్లని ఎద్దు తాగింది. ఇలా కటికవాడు, మృత్యుదూత, ఆఖరికి దేవుడి దాకా వెళ్తుంది. వింటుంటే మీకేం గుర్తొస్తోంది? నాకైతే మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటా ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. మన ఏడు చేపల కథ కూడా ఇలాగే ఒకదాని వెనక ఒకటి గొలుసు కట్టుకుంటూ చీమ పుట్ట దాకా పోతుంది కదా. మీ పాపకి ఏడు చేపల కథ వచ్చి ఉంటే ఈ పాట వచ్చినట్టే. రాకపోతే ఈ నెలలో అది నేర్పండి, అక్కడ స్నేహితురాలికి చెబుతుంది. 'ఖద్ గద్యా' ప్రాగ్ నగరంలో 1590లో అచ్చయిన హగ్గాదాలోనే ఉంది. రష్యన్ చిత్రకారుడు ఎల్ లిసిట్స్కీ 1919లో దీనికి వేసిన బొమ్మలు దొరికితే తప్పకుండా చూపించండి. రంగులు చూసి పిల్లలు కళ్లు తిప్పుకోరు.

అన్నట్టు, యూదుల్లో పిల్లల్ని చదువులో పెట్టేటప్పుడు అక్షరాల మీద తేనె రాసి నాకించే ఆచారం మధ్యయుగాల నుంచీ ఉంది. బియ్యంలో వేలు పెట్టించి ఓం నమః రాయించిన మనకి అది అర్థం కావడానికి పెద్దగా వివరణ అక్కర్లేదు. మీ పాపకి తన అక్షరాభ్యాసం ఫోటో చూపించి ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు పుస్తకాలు. మీ పాపకి రోజుకో అధ్యాయం చదవడానికి నేను ఇవ్వబోయేది 'ఆల్ ఆఫ్ ఎ కైండ్ ఫ్యామిలీ'. 1951లో వచ్చింది, రాసినామె సిడ్నీ టేలర్. న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో, 1912 ప్రాంతంలో, ఐదుగురు అక్కచెల్లెళ్లు. ఎల్లా, హెన్నీ, సారా, షార్లెట్, గెర్టీ. నాన్నకి పాత సామాన్ల కొట్టు. డబ్బు తక్కువ, ఇల్లు ఇరుకు, సందడి ఎక్కువ. కథ మొదలయ్యేదే లైబ్రరీలో. సారా అరువు తెచ్చిన పుస్తకం పోతుంది. ఆ పుస్తకం ఖరీదు ఇంట్లో అడగలేక, లైబ్రరీ ఆవిడ ముందు ఏడుపు మొహంతో నిలబడుతుంది. ఆవిడ కోప్పడదు. కొంచెం కొంచెంగా కట్టమంటుంది. నా ఉద్యోగం ఎందుకు చేస్తున్నానో మర్చిపోయిన రోజున నేను ఆ అధ్యాయం తీసి చదువుకుంటాను.

అందులోనే దుమ్ము తుడిచే అధ్యాయం ఒకటి ఉంది. పిల్లలకి దుమ్ము తుడవడం విసుగు. అమ్మ గదిలో అక్కడక్కడా గుండీలు దాచిపెడుతుంది. జాగ్రత్తగా తుడిచినవాళ్లకే అన్నీ దొరుకుతాయి. దాంతో పిల్లలు పనికోసం పోటీ పడతారు. ఈ చిట్కా మా ఇంట్లో కూడా పనిచేసింది. ఇంకో అధ్యాయంలో షబ్బాత్‌కి, అంటే యూదుల వారపు విశ్రాంతి రోజుకి, ముందు అమ్మతో కలిసి బజారుకి వెళ్తారు. పీపాల్లో ఊరగాయలు, వేడివేడి శనగ గుగ్గిళ్లు, బండ్లవాళ్ల అరుపులు. చేతిలో ఉన్న ఒక్క నాణెంతో ఏది కొనుక్కోవాలో తేల్చుకోలేక పిల్లలు పడే అవస్థ. మన సంతలో తిరిగినట్టే ఉంటుంది. పండుగలన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి, కానీ పాఠంలా రావు. పస్కా వచ్చేసరికి ఇంట్లో పిల్లలకి స్కార్లెట్ ఫీవర్ తగులుతుంది. అయినా పండుగ ఎలా జరుపుకున్నారన్నదే కథ. మీరు వెళ్లే ముందు ఆ ఒక్క అధ్యాయం చదివినా చాలు, అక్కడ బల్ల మీద ఏమేం ఉంటాయో పాపకి తెలిసిపోతుంది.

ఈ పుస్తకం పుట్టిన తీరు కూడా పిల్లలకి చెప్పదగ్గదే. సిడ్నీ టేలర్ అసలు పేరు సారా. కథలో సారా ఆవిడే. కూతురిని పడుకోబెట్టేటప్పుడు తన చిన్ననాటి సంగతులు చెబుతుండేది, అవే రాసి పక్కన పెట్టింది. ఆవిడకి తెలియకుండా భర్త ఆ కాగితాల్ని ఒక ప్రచురణ సంస్థ పోటీకి పంపించాడు. బహుమతి వచ్చింది. అప్పటికి అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలు వేసే పిల్లల పుస్తకాల్లో ఒక మామూలు యూదు కుటుంబం, తన పండుగలతో తన వంటలతో నిండుగా కనబడటం దాదాపు లేనే లేదు. ఆవిడ 1978లో పోయారు. యూదు లైబ్రరీల సంఘం ఏటా ఇచ్చే పిల్లల సాహిత్య బహుమతికి ఇప్పుడు ఆవిడ పేరే. ఈ బహుమతి బొమ్మల పుస్తకాలకి, కాస్త పెద్ద పిల్లలకి, టీనేజర్లకి విడివిడిగా ఉంటుంది. కొత్త పుస్తకాలు వెతకాలంటే ఆ జాబితాకి మించిన దారి లేదు. మీ లైబ్రరీలో 'సిడ్నీ టేలర్ అవార్డు పుస్తకాలు' అని అడిగితే తీసి ఇస్తారు.

రాత్రి పడుకునేటప్పుడు నోటితో చెప్పడానికైతే ఖెల్మ్ కథలు. ఖెల్మ్ తూర్పు పోలండ్‌లో నిజంగానే ఉన్న ఊరు. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్. ఆ భాష జానపద కథల్లో మాత్రం అది మూర్ఖుల ఊరు, అందులోనూ తమని తాము మహా జ్ఞానులనుకునే మూర్ఖుల ఊరు. ఐజాక్ బషేవిస్ సింగర్ చెప్పిన ఒక కథ వినండి. హనుక్కా అనే యూదుల దీపాల పండుగ రాత్రి ఊరంతా మంచు పడింది. వెన్నెల్లో అది వెండిలా, ముత్యాల్లా, వజ్రాల్లా మెరుస్తోంది. ఊరి పెద్దలకి అది నిజంగా నిధి అనిపించింది. ఎవరైనా తొక్కేస్తారేమో! బయటికి రావద్దని ఇంటింటికీ కబురు చెప్పడానికి ఒక కుర్రాణ్ణి పంపుదామన్నారు. మరి వాడు నడిస్తే మంచు తొక్కుడు పడదా? పెద్దలు బాగా ఆలోచించారు. వాణ్ణి బల్ల మీద నిలబెట్టి, ఆ బల్లని నలుగురు మోసుకెళ్లారు. తెల్లారి చూస్తే ఎనిమిది కాళ్లు నిధిని తొక్కేశాయి. వచ్చేసారి ఏం చేయాలో పెద్దలు అప్పుడే తేల్చేశారు. ఆ నలుగుర్నీ మొయ్యడానికి ఇంకొంతమందిని పెట్టాలి!

ఏరు నిద్రపోతోందో లేదో కొరివితో అంటించి చూసిన పరమానందయ్య శిష్యుల్ని ఎరిగిన పిల్లలకి ఈ ఊరు పరాయి ఊరు కాదు. లైబ్రరీలో ఒక ఆదివారం ఇవి రెండూ పక్కపక్కనే చెప్పాను. పిల్లలు వాటిని కలిపేసి, పరమానందయ్య శిష్యులు ఖెల్మ్‌కి వెళ్తే ఏమవుతుందో వాళ్లే కథ అల్లుకున్నారు.

ఈ కథ ఉన్న పుస్తకం పేరు 'జ్లాతే ద గోట్'. 1966లో వచ్చింది. సింగర్ పోలండ్‌లో పుట్టి 1935లో అమెరికా వచ్చాడు. జీవితమంతా యిడ్డిష్‌లోనే రాశాడు. పిల్లల కోసం రాయడం అరవై దాటాకే మొదలుపెట్టాడు, ఈ పుస్తకంతోనే. 1978లో నోబెల్ బహుమతి తీసుకున్న రోజు విందులో ఆయన మాట్లాడింది పిల్లల కోసం ఎందుకు రాస్తానన్న దాని మీదే. పిల్లలు పుస్తకాలు చదువుతారు, సమీక్షలు కాదు అన్నది ఆయన చెప్పిన మొదటి కారణం.

పుస్తకానికి పేరిచ్చిన కథ నవ్వించేది కాదు, కానీ నాకు తెలిసిన పిల్లల కథల్లో అంత వెచ్చగా ఉండేది ఇంకొకటి లేదు. హనుక్కా దగ్గర పడింది. ఇంట్లో డబ్బుల్లేవు. ముసలి మేక జ్లాతేని కసాయివాడికి అమ్మేయాలని నాన్న నిశ్చయించాడు. కొడుకు ఆరోన్ దాన్ని పట్నానికి తోలుకెళ్తుంటే దారిలో మంచుతుఫాను. ఒక గడ్డివామి దొరికింది. వాడు దాన్ని తొలిచి లోపల దూరాడు. మేక చుట్టూ ఉన్న గడ్డి తింది. వాడు మేక పాలు తాగి బతికాడు. మూడు రోజులు. బయట మంచు, లోపల ఇద్దరే. వాడేం చెప్పినా అది 'మే' అంటుంది, ఆ ఒక్క మాటకే వాడికి ఎన్నో అర్థాలు వినబడతాయి. ఇంటికొచ్చాక దాన్ని అమ్మడం అన్న మాట ఎవరూ ఎత్తలేదు. మీరు ఇంగ్లీషులో చదివి, పాపకి తెలుగులో చెప్పండి. గడ్డివామి, పాలు పితకడం, మేక అరుపు ఇవన్నీ తెలుగులో ఇంకా దగ్గరగా వస్తాయి.

దీనికి బొమ్మలు వేసింది మారిస్ సెండాక్. బ్రూక్లిన్‌లో పెరిగినవాడు, తల్లిదండ్రులు పోలండ్ నుంచి వచ్చినవాళ్లు. యుద్ధంలో చంపబడిన బంధువుల ఫోటోలు ఇంట్లో ఆల్బమ్‌లో ఉంటే, ఆ మొహాల్నే ఈ కథల్లో మనుషులకి పెట్టాడు. ఇది పిల్లలకి ఇప్పుడు చెప్పనక్కర్లేదు. మీరు తెలుసుకుని బొమ్మలు చూడండి.

బొమ్మల పుస్తకాల్లో రెండు చెబుతాను. 'హెర్షెల్ అండ్ ద హనుక్కా గాబ్లిన్స్', ఎరిక్ కిమ్మెల్ రాసింది, 1989. ఒస్త్రోపోల్ హెర్షెల్ యూదులకి తెనాలి రామలింగడి లాంటివాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక రబ్బీ, అంటే యూదు మతగురువు, కొలువులో హాస్యగాడిగా ఉన్నవాడని చెబుతారు. ఈ కథలో ఒక ఊరి గుట్ట మీద పాత సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, దయ్యాలు చేరి హనుక్కా దీపాలు వెలిగించనివ్వవు. హెర్షెల్ ఎనిమిది రాత్రులు అక్కడ గడపాలి. మొదటి దయ్యం ముందు ఉడికించిన గుడ్డు పిడికిట్లో నలిపి, అది రాయి అనుకునేలా చేస్తాడు. రెండోది ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టి, గుప్పిట విప్పలేక ఇరుక్కుంటుంది. ఆఖరి రాత్రి దయ్యాల రాజు చేతే దీపాలు వెలిగిస్తాడు. ఎలాగో చెప్పను, పాపకి చదివేటప్పుడు మీకూ తెలియకుండా ఉంటేనే బాగుంటుంది. బొమ్మలు కాస్త భయపెడతాయి, పగలు చదవండి.

రెండోది సిమ్స్ టాబాక్ వేసిన 'జోసెఫ్ హ్యాడ్ ఎ లిటిల్ ఓవర్‌కోట్'. ఒక యిడ్డిష్ పాట దీనికి మూలం. కోటు పాతబడింది, జాకెట్ చేసుకున్నాడు. అది చిరిగింది, చేతుల్లేని చొక్కా. తర్వాత మెడకి చుట్టుకునే గుడ్డ, టై, చేతిరుమాలు, ఆఖరికి ఒక గుండీ. గుండీ కూడా పోతే? ఆ కథనే పుస్తకంగా రాశాడు. ప్రతి పేజీలో ఒక కన్నం కత్తిరించి ఉంటుంది, తర్వాతి పేజీలో ఏమొస్తుందో అందులోంచి కనబడుతుంది. పాత పట్టుచీరతో మనవరాలికి పరికిణీ, మిగిలిన ముక్కతో దిండు గలీబు కుట్టిన అమ్మమ్మలున్న ఇళ్లు మనవి. మీ పాప రెండో పేజీకే కథ పట్టేస్తుంది. 2000లో దీనికి అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ మెడల్ వచ్చింది.

మీ ఇంట్లో ఇప్పటికే యూదులు చేసిన పుస్తకాలు ఉండి ఉంటాయి, మీకు తెలియదంతే. కోతిపిల్ల క్యూరియస్ జార్జ్‌ని సృష్టించిన రే దంపతులు జర్మన్ యూదులు. 1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లోకి రావడానికి రెండు రోజుల ముందు, హాన్స్ రే తనే విడిభాగాలతో బిగించుకున్న సైకిళ్ల మీద ఇద్దరూ ఊరు దాటారు. సంచిలో ఆ కోతి బొమ్మల పుస్తకం ఉంది. ఎర్ర మంచుకోటు వేసుకున్న నల్లజాతి పిల్లాడు పీటర్ కథ 'ద స్నోయీ డే' రాసి బొమ్మలు వేసిన ఎజ్రా జాక్ కీట్స్ కూడా పోలండ్ నుంచి వచ్చిన యూదుల బిడ్డే. ఇక సెండాక్ 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' పుస్తకంలోని అడవి భూతాలు? ఆదివారాలు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లే తన బంధువులే వాటికి మూలమని ఆయనే చెప్పాడు. ఈ పుస్తకాల్లో ఎక్కడా యూదు పండుగ ఉండదు. అయినా మీ బాబుకి ఈ సంగతులు చెప్పండి, వాడు చిన్నప్పుడు చదివినవి మళ్లీ తీసి చూస్తాడు.

ఒక లోటు కూడా చెప్పాలి. ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ యూరప్ నుంచి వచ్చిన కుటుంబాలవే. యూదులంటే వాళ్లే కాదు. మొరాకో, ఇరాక్, ఇథియోపియా, మన దేశం, అన్నిచోట్లా ఉన్నారు. కొచ్చిలో పరదేశి సినగాగ్ 1568లో కట్టింది. మా తెనాలికి ఎంతో దూరం కాని చేబ్రోలు పక్కన, కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం యూదు ఆచారాలు పాటిస్తోంది, వాళ్లకి సినగాగ్ కూడా ఉంది. వాళ్ల పిల్లల మీద తెలుగులో ఒక బొమ్మల పుస్తకం రావాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ప్రస్తుతానికి ఇంగ్లీషులో 'క్వీన్ ఆఫ్ ద హనుక్కా దోసాస్' ఉంది, 2017లో పమేలా ఎరెన్‌బర్గ్ రాసింది. సగం భారతీయ, సగం యూదు కుటుంబం. హనుక్కాకి నూనెలో వేయించినవి తినాలి కదా, మిగతావాళ్లు బంగాళదుంప అట్లు వేసుకుంటే వీళ్లు దోసెలు వేసుకుంటారు. కనబడిన ప్రతిదాని మీదికి ఎక్కేసే చెల్లెలితో అన్నయ్య విసిగిపోతుంటాడు. ఇంటికి తాళం పడిపోయినప్పుడు ఆ ఎక్కే గుణమే అందరికీ అక్కరకొస్తుంది. వెనక దోసె, సాంబారు చేసే విధానం కూడా ఉంది.

ఇంకా పాత బంధం ఒకటుంది. మన పంచతంత్రం సంస్కృతం నుంచి పాత పర్షియన్ భాష పహ్లవీలోకి, అక్కణ్ణుంచి అరబ్బీలోకి వెళ్లింది. అరబ్బీ నుంచి హీబ్రూలోకి వచ్చింది. పదమూడో శతాబ్దంలో ఆ హీబ్రూ ప్రతి నుంచే ఇటలీలోని కాపువా ఊరికి చెందిన జాన్ అనే ఆయన లాటిన్ చేశాడు. యూరప్ భాషలెన్నిటికో కరటక దమనకుల కథ చేరింది ఆ లాటిన్ నుంచే. ఈ సంగతి ఆ భోజనం బల్ల దగ్గర చెప్పండి, ఇరువైపులవాళ్లూ సంతోషిస్తారు.

ఇప్పుడు మీ బాబు సంగతి. పదకొండేళ్లు కాబట్టి యుద్ధకాలం గురించి తెలుసుకోవచ్చు. కానీ ముందు పైన చెప్పిన జ్లాతే చదివాకే. తర్వాత జూడిత్ కెర్ రాసిన 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్', 1971. రచయిత్రి సొంత కథే దాదాపు. 1933లో బెర్లిన్ వదిలి పారిపోయేటప్పుడు అన్నా అనే పిల్ల ఒక్క బొమ్మనే తీసుకెళ్లాలి. కొత్త కుక్కబొమ్మ తీసుకుని పాత గులాబీ కుందేలుని వదిలేస్తుంది. నాజీలు యూదుల్ని బంధించి చంపిన శిబిరాలు ఇందులో కనబడవు. ఊరు, భాష, స్నేహితులు మారిపోతూ ఉండటమే కనబడుతుంది. దేశం మారిన ఇంట్లో పెరుగుతున్న మీ బాబుకి అది బాగా పడుతుంది. దాని తర్వాత 'నంబర్ ద స్టార్స్'. రచయిత్రి లోయిస్ లోరీ యూదురాలు కాదు. 1943లో డెన్మార్క్ ప్రజలు ఏడు వేలకు పైగా యూదుల్ని పడవల్లో స్వీడన్ చేర్చిన చరిత్ర మీద అల్లిన కథ. ఆన్ ఫ్రాంక్ డైరీకి ఇంకో రెండేళ్లు ఆగండి. ఆ పిల్ల టీనేజ్ కోపాలు, ప్రేమలు, అమ్మతో గొడవలు అర్థమయ్యే వయసులో చదివితేనే ఆ పిల్ల మనిషిగా కనబడుతుంది.

చారల పైజామా పిల్లాడి నవల, 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్', మీకు చాలామంది చెబుతారు. నేను ఇవ్వను. శిబిరంలో అంత చిన్నపిల్లలు కంచె దగ్గర తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకోగలిగేవాళ్లు కాదు. ఆష్విట్జ్ శిబిరానికి తెచ్చిన చిన్నపిల్లల్లో ఎక్కువమందిని దిగిన రోజే చంపేశారు. పైగా కథ ముగిసేసరికి మన దుఃఖమంతా జర్మన్ అధికారి కుటుంబం వైపు వెళ్లిపోతుంది. ఆ చరిత్ర చదివేవాళ్లు, బోధించేవాళ్లు ఈ పుస్తకానికి దూరంగా ఉండాలని 2020లో ఆష్విట్జ్ మ్యూజియమే చెప్పింది.

దానికి బదులు యానుష్ కోర్చాక్ గురించి చెప్పండి. వార్సాలో పిల్లల డాక్టరు. 1912లో యూదు అనాథ పిల్లల కోసం క్రోఖ్మాల్నా వీధిలో తెరిచిన ఆశ్రమాన్ని నడిపాడు. అక్కడ పిల్లలకే ఒక కోర్టు ఉండేది, తప్పు చేస్తే పెద్దవాళ్ల మీద కూడా అందులో ఫిర్యాదు చేయొచ్చు, కోర్చాక్ మీద కూడా. 1926లో పిల్లలే రాసే వారపత్రిక పెట్టించాడు. 1923లో వచ్చిన ఆయన నవల 'కింగ్ మ్యాట్ ద ఫస్ట్'లో తండ్రి చనిపోతే చిన్నపిల్లాడు రాజవుతాడు. పిల్లల పార్లమెంటు పెడతాడు. పెద్దవాళ్లు బడికి, పిల్లలు ఆఫీసులకి వెళ్లాలంటాడు. మంచి మనసున్నంత మాత్రాన రాజ్యం నడవదని వాడికి తెలిసొచ్చే తీరు మనసుని పిండేస్తుంది. ఆఫ్రికా రాజుల వర్ణన మాత్రం ఆ కాలపు దురభిప్రాయాలతో ఉంది. ఆ పేజీలు బాబుతో కలిసి చదివి మాట్లాడండి.

యుద్ధంలో ఆ ఆశ్రమాన్ని గెట్టోలోకి, అంటే నాజీలు యూదుల్ని గోడ కట్టి బంధించిన పేటలోకి, తరిమారు. తిండి లేదు, రోగాలు. 1942 జులై 18న అక్కడ పిల్లలు ఒక నాటకం వేశారు. అది మన టాగూర్ రాసిన 'డాక్ ఘర్'. జబ్బుతో గదిలోంచి కదలలేని అమల్ అనే పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్లతో మాట్లాడుతూ, రాజుగారి దగ్గర్నుంచి ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తాడు. మరణాన్ని నెమ్మదిగా స్వీకరించడం పిల్లలు నేర్చుకోవాలని ఈ నాటకం ఎంచుకున్నానని కోర్చాక్ అన్నట్టు చెబుతారు. నాలుగు రోజుల తర్వాత గెట్టో నుంచి ట్రెబ్లింకా మరణశిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. ఆగస్టు మొదటి వారంలో దాదాపు 200 మంది పిల్లలతో పాటు కోర్చాక్, ఆయనతో ముప్పై ఏళ్లు ఆ ఆశ్రమాన్ని నడిపిన స్టెఫానియా విల్చిన్‌స్కా కూడా వెళ్లారు. ఆయనకి తప్పించుకునే అవకాశాలు వచ్చాయి. పిల్లల్ని వదిలి రానన్నాడు.

మీ బాబుకి ఇది చెప్పే రోజు ముందు 'డాక్ ఘర్' చదివించండి. ఆ రెండూ ఒకే వారంలో చదివిన పిల్లలు నాకు గుర్తున్నారు. ఎక్కువ మాట్లాడరు. కొన్నాళ్ల తర్వాత వచ్చి కోర్చాక్ మీద ఇంకో పుస్తకం ఉందా అని అడుగుతారు.

ఇక బహుమతి. నా సలహా జోసెఫ్ కోటు పుస్తకం, లేదా దోసెల పుస్తకం. హనుక్కా పుస్తకం పస్కాకి ఇవ్వడమేంటని అనుకోకండి, దోసెల కథ మీ రెండు ఇళ్ల కథ, ఏ నెలలో ఇచ్చినా చెల్లుతుంది. వాళ్ల దగ్గర ఇప్పటికే ఉందేమో అమ్మాయి వాళ్లమ్మని మెసేజ్‌లో అడగండి. పీజే లైబ్రరీ అని 2005లో మొదలైన ఒక పథకం ఉంది, యూదు కుటుంబాలకి నెలనెలా పిల్లల పుస్తకాలు ఉచితంగా పంపిస్తుంది. వాళ్లు అందులో ఉంటే అల్మరా నిండే ఉంటుంది. ఆచారం గట్టిగా పాటించే ఇల్లయితే పండుగ మొదలయ్యే ముందు రోజే పుస్తకం ఇచ్చేయండి. తినే వస్తువులు మాత్రం తీసుకెళ్లకండి. ఆ వారం గోధుమతో చేసి పొంగినవి ఇంట్లో ఉండకూడదు. కొన్ని కుటుంబాల్లో బియ్యం, పప్పులు కూడా తినరు, అంటే మన పులిహోర, గారెలు రెండూ కుదరవు. పువ్వులైతే ఇబ్బంది లేదు.

భోజనం మధ్యలో పులియని రొట్టె ముక్క ఒకటి ఎక్కడో దాస్తారు, పిల్లలు వెతికి పట్టుకోవాలి, దొరికినవాళ్లకి బహుమతి. మీ పిల్లలిద్దర్నీ కూడా వెతకమంటారు, మొహమాటపడొద్దని వాళ్లకి ముందే చెప్పండి. మేకపిల్ల పాట వచ్చేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. పాపని మధ్యాహ్నం ఓ గంట పడుకోబెట్టి తీసుకెళ్లండి.